పీహెచ్ 5.4 ఉన్న బావి నీళ్లకు గుడ్డు పెంకులు పనికొస్తాయా?

కన్నూరు తెలుగింటి: మావారి ఉద్యోగం వల్ల కన్నూరులో ఉంటున్నాం. ఇక్కడంతా లాటరైట్ (ఎర్రరాతి) నేల. బావి నీళ్లు తేటగా ఉంటాయి కానీ టెస్టులో పీహెచ్ 5.4 వచ్చింది, 7 కన్నా తక్కువ కాబట్టి నీళ్లు పుల్లవన్నమాట. కుళాయి కింద సింకులో నీలం, ఆకుపచ్చ మరక ఎంత రుద్దినా పోదు. గుడ్డు పెంకులు, కమలా తొక్కలు, అరటి తొక్కలతో ఫిల్టర్ చేసుకోవచ్చంటున్నారు. ఏది వాడాలి? చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.

తణుకు లేయర్స్: పెంకే వాడండి. అందులో 94 శాతం దాకా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయి సరుకే. కానీ లోపలి పొర తీయకుండా వేస్తే కుళ్లిపోతుంది. హేచరీ వెనక పెంకుల కుప్ప దగ్గర నిలబడితే ఆ కంపేంటో తెలుస్తుంది. బాగా ఉడకబెట్టి, పొర ఒలిచి, ఎండబెట్టి, ఉప్మారవ్వ సైజులో దంచండి. మెత్తటి పొడైతే నీళ్లు దిగవు.

ఉషక్క వంటిల్లు: ఇన్ని తిప్పలెందుకు? మా అమ్మమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసేది. తెల్లారేసరికి నీళ్లు తేరుకునేవి.

రసాయన మాస్టారు: చిల్లగింజ బురదని అడుగుకి దింపుతుందమ్మా, మునగ గింజల్లాగే. ఆమ్లాన్ని ఏమీ చెయ్యదు. ఆవిడ నీళ్లు ఇప్పటికే తేటగా ఉన్నాయి.

ఉషక్క వంటిల్లు: అంటే పెద్దవాళ్లకి ఏమీ తెలియదనా మీ ఉద్దేశం?

రసాయన మాస్టారు: ఆ మాట నేనెక్కడ అన్నాను? దేని పని దానిది. పిల్లలు తాగే నీళ్ల గురించి అడుగుతుంటే తప్పు సలహా ఇవ్వకండి.

భీమవరం చెరువు: మీరిద్దరూ ఆగండి. రొయ్యల చెరువులకి సున్నం వేసి వేసి చెయ్యి తిరిగినవాణ్ని నేను. ఆల్చిప్పలు కాల్చిన గుల్లసున్నం చిటికెడు చాలు, పీహెచ్ పరిగెత్తుకుంటూ వస్తుంది.

రసాయన మాస్టారు: పరిగెత్తి 12 దాకా పోతుంది సార్, అదే ప్రమాదం. కాల్చని పెంకు 8 దాటాక ఇక పెద్దగా కరగదు. చెరువు లెక్క వంటింట్లో చెప్పకండి.

భీమవరం చెరువు: పుస్తకాలు చదివి మాకు చెప్పొద్దు. చెరువు పోతే లక్షలు పోయేది మాకు.

జైంతియా సైటు: మేఘాలయ బొగ్గు ప్రాంతంలో పనిచేశాను. బొగ్గులోని పైరైట్‌కి (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఎలుక బొరియల్లా ఇరుగ్గా తవ్వే గనుల్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2014లో నిషేధించింది, పాత గుంతలు మాత్రం ఇంకా ఊరుతూనే ఉన్నాయి. లెక్కకి గ్రాము పెంకు దాదాపు గ్రాము ఆమ్లాన్ని విరుస్తుంది. కానీ నీళ్లలో ఇనుముంటే, ఆమ్లం విరవడానికి వేసిన సున్నపురాయి గులకల మీద తుప్పు రంగు పొర కమ్ముకుంటుంది. గోటితో గీరితే లోపల రాయి తెల్లగా అలాగే ఉంటుంది, నీళ్లకి మాత్రం అందదు. పెంకైనా ఇంతే. మేడం, ముందు ఐరన్ టెస్టు చేయించండి.

నల్గొండ బిడ్డ: అన్నా, మా దిక్కు ఫ్లోరైడ్ ఉంటది. పెంకులతోని పోతదా? మా నాయన మోకాళ్లు వంగుతలేవు.

కన్నూరు తెలుగింటి: ఐరన్ చూపిస్తాను. మరి తొక్కల సంగతి ఎవరూ చెప్పలేదే?

రసాయన మాస్టారు: కమలా తొక్క తనే పులుపు. అరటి తొక్క రాగి, సీసం పట్టుకుంటుంది కానీ నీళ్లు పుల్లగా ఉంటే ఆ పట్టు సడలిపోతుంది, పైగా రంగు దిగుతుంది. లాటరైట్ బావుల్లో పులుపు చాలావరకు కరిగిన కార్బన్ డయాక్సైడ్‌దే. నీళ్లని ట్యాంకులోకి షవర్‌లా జల్లుగా పడనివ్వండి, కొంత గ్యాస్ అక్కడే పోతుంది. ఆ తర్వాత పెంకుల గుండా నిదానంగా దింపి, మళ్లీ పీహెచ్ చూసుకోండి. సింకులో ఆ మరక రాగిది, పుల్లటి నీళ్లు గొట్టాలు, కుళాయిల్లోని రాగిని కరిగిస్తే వచ్చేది. పొద్దున్నే గొట్టంలో నిలిచిన నీళ్లు పిల్లలకి పట్టకండి. తాగే నీళ్లు మరిగించాల్సిందే.

తణుకు లేయర్స్: పెంకులు కరిగేకొద్దీ తగ్గిపోతాయి, మళ్లీ నింపుకోవాలి.

నల్గొండ బిడ్డ: నా ముచ్చట ఎవ్వరు పట్టించుకోరా?

జైంతియా సైటు: పెంకులతో ఫ్లోరైడ్ పోదు తమ్ముడూ. మీ జిల్లా పేరుతోనే ఉన్న పద్ధతిలో పటిక, సున్నం కలుపుతారు. పటికతో నీళ్లు పులుస్తాయి కాబట్టే సున్నం. వంటింటి వ్యర్థమే కావాలంటే ఎముకల బొగ్గు ఫ్లోరైడ్‌ని పడుతుంది.

ఉషక్క వంటిల్లు: ఎముకలా! మా ఇంట్లో గడప దాటనివ్వను.

నల్గొండ బిడ్డ: మా ఇంట్ల ఏం అభ్యంతరం లేదక్కా. అన్నా, ఆ బొగ్గు ఎట్ల కాలుస్తరో చెప్పు.