గడ్డం గీసుకునే ముందు ముఖానికి రుద్దుకోవడానికి చవకగా ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. కొనేవాళ్ళ ఎదుట నిలబడే పని కాబట్టి రోజు విడిచి రోజు గడ్డం గీసుకోక తప్పదు. నా వెంట్రుకలు బిరుసుగా, మెలితిరిగి ఉంటాయి. గీసుకున్న మరునాటికి దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. కొన్నింటిని అద్దంలో దగ్గరగా చూస్తే, వెంట్రుక పైకి రాకుండా చర్మం కిందే చుట్టుకుపోయి నల్లగా కనిపిస్తోంది.

ముందుగా ముఖం రుద్దుకొని పైనున్న మృతచర్మం తీసేస్తే ఈ బాధ తగ్గుతుందని విని, బజారులో స్క్రబ్ ట్యూబు ఒకటి కొన్నాను. అది నెల తిరగకుండానే అయిపోయింది. నా జీతానికి ఆ ఖర్చు బరువే. మా జిల్లాలో నిమ్మకాయకు కొదవ లేదు కదా అని, మొన్న పంచదారలో నిమ్మరసం పిండి రుద్దుకొని వెంటనే బ్లేడు పెట్టాను. భరించలేనంత మంట పుట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ఎండలో నిలబడి సరుకు దింపించుకున్నాను. రెండు మూడు రోజులకు చెంప మీద గోధుమరంగు మచ్చ తేలింది, అది ఇంకా పోలేదు. వంటింట్లో దొరికే వాటిలో దేనితో, ఎలా, ఎన్ని రోజులకొకసారి రుద్దుకోవాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, మాది క్షౌరవృత్తి. నాన్నగారి పొది పట్టుకొని మొదలుపెట్టి ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. రుద్దడం గురించి అడిగారు కానీ, నానబెట్టడం దానికంటే ముఖ్యమని నా అనుభవం. ఎండు వెంట్రుక మొండిగా ఉంటుంది. నీళ్ళు పీల్చుకున్న తర్వాత మెత్తబడి, కత్తికి తేలిగ్గా లొంగుతుంది. అందుచేత గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును రెండు మూడు నిమిషాలు గడ్డం మీద కప్పి ఉంచండి. రుద్దుకోవడమైనా, గీసుకోవడమైనా ఆ తర్వాతే.

పంచదార పలుకుకు కోణాలుంటాయి. ఉప్పూ అంతే. అవి చర్మాన్ని కంటికి కనిపించనంత సన్నగా గీరుతాయి, ఆ గీరుల మీదే మీరు బ్లేడు నడిపారు. వాడబోయే పిండిని చిటికెడు తీసుకొని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. ఇసుకలా తగిలిందంటే అది ముఖానికి పనికిరాదు. మా వైపు శనగ బాగా పండుతుంది కాబట్టి మా ఇంట్లో శనగపిండే వాడతాము. పెసరపిండి ఇంకా మెత్తన. చీమకుర్తి రాతి క్వారీల్లో పనిచేసేవారు నా దగ్గరకు వచ్చినప్పుడు ముఖం మీద ఏ పిండీ పెట్టను. రాతిపొడి అంటి ఉన్న చర్మాన్ని రుద్దితే ఆ పొడే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు రెండుసార్లు నీళ్ళతో కడిగించి, ఆ తర్వాతే చేయి వేస్తాను.

ఇంకొక మాట. మెడ మీద వెంట్రుకలన్నీ ఒకే వైపు మొలవవు. వేలితో తడిమి ఏ వాలున ఉన్నాయో తెలుసుకొని, ఆ వాలుకే గీయండి. ఎదురుగీత గీసినా, చర్మాన్ని బాగా సాగదీసి గీసినా వెంట్రుక చర్మమట్టానికి దిగువన తెగి, తిరిగి మొలిచేటప్పుడు దారి తప్పి లోపలికి పోతుంది. మెలితిరిగిన వెంట్రుకలున్న వారికి ఈ బాధ మరీ ఎక్కువ. మూడు నాలుగు బ్లేడ్ల రేజరు అయితే వెంట్రుకను పైకి లాగి మరీ కోస్తుంది కాబట్టి, మీకు ఒంటి బ్లేడుదే నయం. ఆ బ్లేడును ఐదారు సార్లకు మించి వాడకండి, వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

జవాబు (పొదలకూరు నుంచి)

నాయనా, మా ఊరి నిమ్మకాయ పప్పులోకి, పచ్చట్లోకి గానీ కత్తి తగిలే ముఖానికి కాదు. నా ఇద్దరు కొడుకులకూ నేను చేసిచ్చే సున్నిపిండి చెబుతాను. పావుకిలో పెసలు, గుప్పెడు బియ్యం, ఎండబెట్టిన గులాబీ రేకులు ఉంటే కొన్ని, నాలుగు కచ్చూరాలు, చెంచాడు బావంచాలు. వీటన్నింటినీ రెండు రోజులు ఎండలో పెట్టి మెత్తగా విసిరించాలి. ఒంటికి నలుగు పెట్టుకునేదైతే జల్లెడ పట్టినా సరిపోతుంది. ముఖానికైతే పలుచని నూలుగుడ్డలో వేసి వస్త్రగాళితం పట్టాలి, గుడ్డ మీద మిగిలిన రవ్వను ఒంటికి వాడుకోవచ్చు. పసుపు నేను కలపను. మగపిల్లల చొక్కా కాలర్లకు అంటితే ఒక పట్టాన వదలదు.

ఒక చెంచా పిండిని మజ్జిగతో గానీ నీళ్ళతో గానీ జారుగా కలుపుకో. కలిపినది మిగిలితే దాచవద్దు, మన ఉక్కలో పూటకే పులిసిపోతుంది. పొడిపిండిని కూడా నెలకు సరిపడా చేసుకొని, తడి తగలని గాజుసీసాలో పెట్టుకో. మొత్తం ఖర్చు నీ ట్యూబు ధరలో నాలుగో వంతు కూడా ఉండదు.

జవాబు (నెల్లూరు నుంచి)

నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టును. అమ్మా, మీ పిండి చక్కనిది, అయితే అందులో ఒక్క మార్పు చేయవలసి ఉందని మనవి చేస్తున్నాను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి అంటి ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. ఎండతో కలిసి చర్మానికి రంగు తెప్పించే ఆ గుణం ఉండబట్టే బావంచాలను బొల్లి చికిత్సలో వాడుతూ వచ్చారు. ఎండన పడి తిరిగే మగపిల్లల ముఖానికి అవి వద్దు.

కావలి మిత్రుడికి జరిగినదీ ఇంచుమించు ఇదేనని అనుకుంటున్నాను. నిమ్మ జాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, సోరాలెన్ కుటుంబానికి చెందిన పదార్థాలే ఉంటాయి. ఆ మచ్చ కొన్ని వారాల్లో గానీ, కొన్ని నెలల్లో గానీ దానంతట అదే తగ్గుతుంది. దాన్ని రుద్ది పోగొట్టాలని చూడకండి, ఎండ తగలనివ్వకండి. ఇక మంట సంగతి. ఆమ్లతను కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. చర్మం పైపొర పీహెచ్ సుమారు 5 ఉంటుంది, నిమ్మరసానిది సుమారు 2. ఒక్కో అంకెకు ఆమ్లత పది రెట్లు మారుతుంది కనుక ఈ తేడా దాదాపు వెయ్యి రెట్లు. వంటసోడా కూడా వద్దు, అది చర్మాన్ని క్షారం వైపు లాగి పొడిబారుస్తుంది.

వారానికి రెండుసార్లు, వేళ్ళ కొసలతో అర నిమిషం రుద్దుకుంటే చాలు. రోజూ రుద్దితే పైపొర పలుచబడి బ్లేడు మంట ఇంకా పెరుగుతుంది. చీము పట్టిన పొక్కుల మీద అసలు రుద్దకండి, చుట్టుకున్న వెంట్రుకను గోటితో గిల్లకండి. మెడ మీద గట్టి గడ్డలు కడుతుంటే మాత్రం పిండ్లతో కాలయాపన చేయకుండా చర్మవైద్యులకు చూపించుకోండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి (మూడు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ చెప్పిన పిండినే బావంచాలు లేకుండా చేయించుకొని, ఆదివారం, బుధవారం వాడుతున్నాను. మొదటిసారి చిక్కగా కలపడం వల్ల పిండి గడ్డంలో ఇరుక్కొని బ్లేడుకు అడ్డుపడింది. ఇప్పుడు జారుగా కలిపి, రుద్దుకున్న తర్వాత నీళ్ళతో రెండుసార్లు కడుగుతున్నాను. మా బోరునీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు కాబట్టి, గీసుకోవడానికి మాత్రం తాగే నీళ్ళు ఒక గ్లాసు వాడుకుంటున్నాను. ఒంగోలు అన్నగారు చెప్పినట్టు తడిమి చూస్తే నా మెడకు ఎడమపక్క వెంట్రుకలు కింది నుంచి పైకి మొలుస్తున్నాయని తెలిసింది. ఇన్నేళ్ళుగా అక్కడ ఎదురుగీతే గీస్తున్నానన్నమాట. కుడిపక్క పొక్కులు పూర్తిగా పోయాయి, ఎడమపక్క రెండు మిగిలాయి. చెంప మీద మచ్చ కొద్దిగా పలుచబడింది. ఎండలో సరుకు దింపించే రోజున తలకు తువ్వాలు చుట్టి, చెంప మీదుగా కప్పుకుంటున్నాను.