1985 ఏటీసీ 250ఆర్ వెనక సస్పెన్షన్ పూర్తిగా విప్పి కడుతున్నాను: పట్టేసిన పివట్ బోల్టు, బేరింగులు, షాక్ గురించి మీ అనుభవాలు చెప్పండి

పాతబండి_85
1985 నాటి హోండా ఏటీసీ 250ఆర్ అనే మూడు చక్రాల బండి వెనక భాగాన్ని విప్పడం మొదలుపెట్టాను. ఇరుసు పట్టుకొని పైకెత్తితే, షాక్ కదలకముందే చక్రాలు ఒక వేలి మందం పైకి లేస్తున్నాయి. అంటే లింకేజ్‌లోనూ (షాక్‌ను ఆర్మ్‌కు కలిపే లంకెలు) స్వింగార్మ్ (వెనక ఇరుసును మోసే చేయి) చాసిస్‌కు తగిలే పివట్‌లోనూ ఆట, అంటే వదులు, బాగా ఉన్నట్టే. లింకేజ్ బోల్టులు సులువుగానే వచ్చాయి. లోపలి నీడిల్ బేరింగుల (సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉన్నవి) రోలర్లు కొన్ని ఎర్రటి పొడిగా రాలిపోయాయి, బోల్టు దూరే లోపలి గొట్టం, అంటే కాలర్ మీద గోరు ఆనిస్తే తెలిసేంత లోతుగా వరుస గాడులు పడ్డాయి. పివట్ బోల్టు మాత్రం వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. నాకు నాలుగు విషయాలు తెలియాలి. ఈ బోల్టును చాసిస్‌కు దెబ్బ తగలకుండా ఎలా తీయాలి? బేరింగులే మళ్లీ వేయాలా, వేరే మార్గం ఉందా? షాక్‌ను మరమ్మతు చేయించాలా, మార్చాలా? పౌడర్ కోటింగ్ (ఓవెన్‌లో కాల్చే పొడి పెయింటు) కొత్త బేరింగులు బిగించాక చేయించాలా, ముందే చేయించాలా?

సుత్తిదెబ్బ
మంట పెట్టండి. గ్యాస్ మంటతో చాసిస్ బాస్‌ను (బోల్టు దూరే మందపాటి భాగాన్ని) వేడి చేసి, చల్లారేటప్పుడు తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి, మళ్లీ వేడి చేసి, ఇత్తడి కడ్డీతో కొడితే రాని బోల్టు లేదు. నేను తీసినవన్నీ ఇలా తీసినవే.

గ్రీజుగన్
కొట్టే ముందు ఒక సంగతి చూడాలి. స్వింగార్మ్‌ను పైకీ కిందకీ ఆడిస్తూ బోల్టు తలను గమనించండి. ఆర్మ్‌తో పాటు తల కూడా తిరుగుతుంటే, బోల్టు చాసిస్ రంధ్రంలో వదులుగానే ఉందనీ, కాలర్‌లో తుప్పుపట్టి అతుక్కుపోయిందనీ అర్థం. అప్పుడు చాసిస్ బాస్‌ను ఎంత వేడి చేసినా ప్రయోజనం ఉండదు, పెయింటు కాలడం తప్ప. ముందు బోల్టును తిప్పడానికి ప్రయత్నించాలి, బయటకు కొట్టడానికి కాదు. పావు చుట్టు తిరిగిందంటే తుప్పు పట్టు సడలినట్టే, ఆ తరువాత నూనె లోపలికి దారి చేసుకుంటుంది. కొట్టక తప్పనప్పుడు నట్టును మర వేసి బోల్టు కొసకు సమంగా నిలిపి కొట్టండి, లేకపోతే కొస పుట్టగొడుగులా విచ్చుకొని రంధ్రంలోంచి అసలే రాదు.

సుత్తిదెబ్బ గారు చెప్పని ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. బ్రేక్ క్లీనర్‌తో కడిగిన ఇనుము మీద మంట పెట్టకూడదు. క్లోరిన్ కలిసిన క్లీనర్ అయితే వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు.

లేత్‌పని
ఎవరూ అసలు విషయానికి రావడం లేదు. బోల్టు ఎలాగో ఒకలా వస్తుంది. రాకపోతే ఆర్మ్‌కూ చాసిస్‌కూ మధ్య సందులో రెండు పక్కలా కోసేసి, ఆర్మ్‌ను బయటకు లాగి మిగిలిన ముక్కను ప్రెస్ మీద నెట్టండి. అసలు ప్రశ్న బేరింగుది. నేను ఏళ్ల తరబడి లేత్ మీద పనిచేస్తున్నవాణ్ని, ఈ పివట్‌లు ఎందుకు చెడిపోతాయో నాకు బాగా తెలుసు. నీడిల్ బేరింగ్ పూర్తిగా తిరిగే చోటుకు తయారైనది. స్వింగార్మ్ కదిలేది కొద్ది డిగ్రీలే. రోలర్ తన చుట్టూ తాను పూర్తిగా తిరగదు, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతూ కింది గ్రీజును పక్కకు నెట్టేస్తుంది, అది మళ్లీ వెనక్కు రాదు. అందుకే కాలర్ మీద రోలర్ల అంతరంలోనే గాడులు పడతాయి. మీ గాడులకు ఇదే కారణం. బేరింగ్ బదులు కంచు బుష్ (రోలర్లు లేని గొట్టం) చేయించి వేసుకోండి. భారం సన్నని గీతల మీద కాక విశాలమైన తలం మీద పడుతుంది, బురద దూరినా ముక్కలై రాలదు.

మూడోచక్రం
లేత్‌పని గారూ, మీ వివరణలో సగం నిజమే, కానీ మీ తీర్పును నేను ఒప్పుకోను. అదే బేరింగ్‌ను సమయానికి విప్పి, కడిగి, చేత్తో గ్రీజు నింపి, డస్ట్ సీల్ కొత్తది వేస్తే చాలా కాలం మన్నుతుంది. ఈ బండ్లలో బేరింగులు చెడేది ఊగడం వల్ల కంటే, సీల్ ఎండి పగిలాక ఎవరూ విప్పి చూడకపోవడం వల్ల. బురద నీళ్లు లోపలికి పోయి, ఆరి, తుప్పై కూర్చుంటాయి. కంచు బుష్ వేస్తే ఆ బురద కంచులో దిగబడి కాలర్‌ను ఆకురాయిలా రాస్తుంది. పైగా బుష్‌లో రాపిడి ఎక్కువ కాబట్టి, చిన్న చిన్న గతుకుల మీద వెనక భాగం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. లింకేజ్‌లో ఆ రాపిడి మూడు నాలుగు చోట్ల కలిసి పెరుగుతుంది. ఈ బండి వెనక ఉన్న హోండా ప్రో-లింక్ లింకేజ్ అమరికకు ఉన్న గుణమే మొదట మెత్తగా, పోను పోను గట్టిగా ఉండటం. ఆ మెత్తదనాన్ని బుష్‌తో చంపేస్తే మిగిలేదేముంది?

లేత్‌పని
చేత్తో గ్రీజు నింపడం అందరూ చేసే పని అయితే ఈ చర్చే ఉండేది కాదు. నేను చెబుతున్నది ఉన్న మనుషుల గురించి, ఆదర్శం గురించి కాదు. బుష్‌కు గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) పెడితే గ్రీజు గన్‌తో ఒత్తగానే పాత గ్రీజూ బురదా కలిసి బయటకు వస్తాయి. మీరు రాపిడి అంటున్నది సరిగా రీమ్ చేయని (లోపలి రంధ్రాన్ని కొలతకు నునుపుగా తీయని) బుష్ గురించి. సరైన కొలతకు తీసిన బుష్‌లో ఆర్మ్ తన బరువుకు తానే కిందకు వాలుతుంది. నా చేతి పని ఎవరైనా చూస్తే ఈ మాట అనరు.

మూడోచక్రం
మీ చేతి పనిని నేను తక్కువ చేయలేదు, మీరే దాన్ని వాదనలోకి తెస్తున్నారు. నిపుల్ కోసం స్వింగార్మ్ పివట్ గొట్టానికి రంధ్రం వేయమని కొత్తవాళ్లకు సలహా ఇవ్వడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఎక్కడ వేయాలో తెలియకుండా వెల్డింగ్ అంచు పక్కన వేస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

బురదదారి
నా బండికి ఇద్దరూ చెప్పనిది వేశాను, అసీటాల్ ప్లాస్టిక్ బుష్‌లు. నైలాన్ మాత్రం వద్దు, అది నీళ్లు పీల్చి ఉబ్బి కాలర్‌ను పట్టేస్తుంది. అసీటాల్ దాదాపు పీల్చదు. నా బండి వాగుల్లో తిరిగినా ఇప్పటికీ ఆట రాలేదు.

లేత్‌పని
ప్లాస్టిక్‌ను 250ఆర్ వంటి బలమైన బండి పివట్‌లో వేయడం గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

పాతబండి_85
అందరికీ కృతజ్ఞతలు. గ్రీజుగన్ గారు చెప్పినట్టు చూస్తే తల ఆర్మ్‌తో పాటే తిరుగుతోంది. సుత్తి పక్కన పెట్టి, పొడవాటి రెంచ్‌తో తిప్పుతూ నూనె పోస్తున్నాను. దయచేసి షాక్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. రిజర్వాయర్ (గ్యాస్ నింపే పక్క డబ్బా) ఉన్న అసలు షాక్ నా దగ్గర ఉంది, రాడ్ దగ్గర నూనె కారుతోంది. విడిభాగాలు ఎక్కడ వెతికినా దొరకడం లేదు.

తొలితరం
విడిభాగాలు దొరకకపోవడానికి కారణం కొత్తవాళ్లకు తెలియాలి. 1970లో హోండా మొదటి మూడు చక్రాల బండిని తెచ్చినప్పుడు దానికి సస్పెన్షనే లేదు, ఉబ్బెత్తు టైర్లే ఆ పని చేసేవి. 1980లలో 250ఆర్, కవాసకీ టెకాటే, యమహా ట్రై-జెడ్ వంటి పందెపు బండ్లు వచ్చాయి. ప్రమాదాలు పెరిగి, అమెరికా వినియోగదారుల భద్రతా సంఘంతో కంపెనీలు కుదుర్చుకున్న ఒప్పందాన్ని 1988లో కోర్టు ఆమోదించాక, అక్కడ కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. 2008లో చట్టమే నిషేధించింది. అంటే మన చేతిలో ఉన్నవే ఉన్నవి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, సస్పెన్షన్ పాడై వెనక భాగం కుంగిపోయిన బండిని నడిపి, పడిపోయి, మూడు చక్రాల బండే చెడ్డదని ప్రచారం చేసేవాళ్లు. దీనికి డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) ఉండదు, వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి, కాబట్టి మలుపులో మనిషి బరువు మార్చి లోపలి చక్రాన్ని తేలిక చేయాలి. వెనక కుంగి ముందు తేలికైతే ఉన్న ఒక్క ముందు చక్రమూ నేలను పట్టదు. షాక్ మరమ్మతును ముస్తాబుగా చూడకండి, అది ప్రాణానికి సంబంధించిన పని.

నైట్రోజన్
పాతబండి_85 గారూ, రాడ్ మీద క్రోమ్‌ను వెలుతురులో తిప్పి చూడండి. గుంటలు సీల్ రాసుకునే భాగంలో ఉంటే ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది, తిరిగి క్రోమ్ వేయించాలి. గుంటలు లేకపోతే సీల్, నూనె, రిజర్వాయర్ లోపలి రబ్బరు సంచి మారిస్తే చాలు. విప్పే ముందు వాల్వ్ ద్వారా గ్యాస్ పూర్తిగా వదలాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మళ్లీ నింపేది పొడి నైట్రోజనే కావాలి. ఆక్సిజన్ సిలిండర్ జోలికి ఎవరూ పోకండి, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలుతుంది.

సుత్తిదెబ్బ
గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, పంపుతో గాలి కొడితే సరిపోతుంది. నేను అలాగే నడుపుతున్నాను.

నైట్రోజన్
మిగిలినదాంట్లో ఆక్సిజన్ 21 శాతం ఉంది, పంపు గాలిలో తేమ వేరుగా ఉంది. తేమ వేడికి ఆవిరై ఒత్తిడిని మారుస్తుంది, ఆక్సిజన్ కాలక్రమేణా రబ్బరును పాడుచేస్తుంది. ఇంకొక చిక్కు ఏమిటంటే, రిజర్వాయర్‌లో గ్యాస్ ఉండేది చాలా తక్కువ చోటు. మామూలు గేజ్ పెట్టి చూసినా దాని గొట్టంలోకే కొంత గ్యాస్ పోయి అసలు ఒత్తిడి పడిపోతుంది. మాన్యువల్‌లో ఉన్న ఒత్తిడికి, ఆ పనికోసమే చేసిన గేజ్‌తో నింపించండి.

బురదదారి
నాలుగు చక్రాల బండి షాక్ తెచ్చి వేసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. కంటి నుంచి కంటికి పొడవు (రెండు కొసల బోల్టు రంధ్రాల మధ్య దూరం), స్ట్రోక్ (షాక్ కుంగే దూరం), లింకేజ్ నిష్పత్తి (చక్రం కదలికకూ షాక్ కదలికకూ ఉన్న నిష్పత్తి) మూడూ కలవాలి. పొడవు ఒక్కటే చూసి వేస్తే, పూర్తిగా కుంగినప్పుడు టైరు ఫెండర్‌కు తగులుతుంది.

గ్రీజుగన్
కట్టిన తరువాత శాగ్ (మనిషి బరువుకు సస్పెన్షన్ ఎంత దిగుతుందో) కొలవడం మరవకండి. చక్రాలు నేల వదిలి పూర్తిగా వేలాడినప్పుడు ఇరుసు నుంచి ఫెండర్ మీది ఒక గుర్తు వరకు కొలవండి, మీరు సామగ్రితో కూర్చున్నాక మళ్లీ కొలవండి. తేడా మొత్తం ప్రయాణంలో మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. దానికి ముందు టైరు గాలి సరిచూడాలి. ఈ టైర్లు రెండు మూడు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మీద నడిచేవి, ఒక్క పీఎస్‌ఐ తేడా వచ్చినా షాక్ మారినట్టు అనిపిస్తుంది. చైన్ బిగువును కూడా ముందు స్ప్రాకెట్, పివట్, ఇరుసు మూడూ ఒకే గీతలో ఉన్నప్పుడు చూడండి, చైన్ అత్యంత బిగుసుకునేది అక్కడే.

పాతబండి_85
బోల్టు వచ్చింది! తిప్పగా తిప్పగా కిర్రుమని వదిలి, ఆ తరువాత చేత్తోనే వచ్చింది. చాసిస్‌కు గీత కూడా పడలేదు. నీడిల్ బేరింగులే వేస్తున్నాను, లేత్‌పని గారు మన్నించాలి. పౌడర్ కోటింగ్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

లేత్‌పని
మన్నించవలసినదేమీ లేదు, కానీ వేస్తే సరిగా వేయండి. పౌడర్ కోటింగ్ ముందు, బేరింగులు తరువాత. ఓవెన్ వేడికి సీళ్లు పోతాయి, గ్రీజు కారుతుంది. బేరింగ్ కూర్చునే రంధ్రాలనూ బోల్టు బాస్‌ల ముఖాలనూ మూసి కోటింగ్ వేయమనండి. ముఖం మీద పెయింటు మందం ఉంటే, నడుపుతుంటే అది నలిగి నట్టు బిగువు పోతుంది. పాత బేరింగ్ ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకున్నారా? అక్షరాలు ముద్రించిన వైపు బయటకు ఉంచి, ఆ వైపునే ప్రెస్‌తో నెట్టాలి, రెండో వైపు నెడితే పెంకు నలుగుతుంది. చివరిగా, కాలర్ ఆర్మ్ గొట్టం కంటే కొద్దిగా పొడవు ఉండాలి. లేకపోతే నట్టు బిగించగానే ఆర్మ్ చాసిస్ మధ్య ఇరుక్కుంటుంది.

మూడోచక్రం
ఈ ఒక్క విషయంలో లేత్‌పని గారితో అక్షరం అక్షరం ఏకీభవిస్తున్నాను. నిపుల్ రంధ్రం గురించి మాత్రం నా మాట మారదు.

సుత్తిదెబ్బ
ఇరుసు బేరింగ్ క్యారియర్ (వెనక ఇరుసు బేరింగులను పట్టి ఉంచే గూడు) గురించి ఎవరూ అడగలేదు. ఆట అక్కడ కూడా ఉంటే పివట్ ఎంత బాగా కట్టినా చక్రాలు ఊగుతూనే ఉంటాయి. లాక్‌నట్లు రెండూ విప్పి చూశారా?