గుల్మర్గ్‌లో పిల్లాడికి స్నోబోర్డ్: ఏం జాగ్రత్త పడాలి?

ఎంవీపీ అమ్మ:
జనవరిలో గుల్మర్గ్ వెళ్తున్నాం. మా పదేళ్ల బాబు స్నోబోర్డ్ (పలక మీద నిలబడి మంచు వాలులో జారడం) నేర్చుకుంటానని ఒకటే గొడవ. "వీడికి రెండేళ్లుగా స్కేటింగ్ అలవాటే, పైగా మంచు మెత్తగా ఉంటుంది, పడినా ఏం కాదు" అంటారు మావారు. మాకు చలంటే లంబసింగి, అంతే. మంచు ముఖం చూసిందే లేదు. నాకేమో టెన్షన్. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార నాన్న:
మెత్తగా ఉంటుందన్న మాట నమ్మకండి మేడమ్. నేర్చుకునేవాళ్ల వాలు మీద జనం తొక్కి తొక్కి మంచు గచ్చులా బిగుసుకుపోతుంది. పోయినేడు మా పాప మొదటిరోజే, గంట తిరక్కుండా వెనక్కి పడుతూ చెయ్యి ఆనించింది. నేర్పేవాడు "బెణికింది, ఐస్ పెట్టండి" అన్నాడు. సరేనని ఊరుకున్నాను, అదే నా తప్పు. రెండు రోజులు ఓర్చుకుంది పిచ్చితల్లి. వైజాగ్ వచ్చి ఎక్స్‌రే తీయిస్తే మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నాలుగు వారాలు కట్టు. మణికట్టుకి తొడిగే దాని స్కేటింగ్ గార్డులేమో ఇంట్లో చెప్పుల స్టాండులో భద్రంగా ఉన్నాయి!

ఫిజియో, గాజువాక:
కొత్తగా బోర్డు ఎక్కిన పిల్లలకి ఎక్కువగా విరిగేది మణికట్టేనండి. రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించి ఉంటాయి కదా, తూలితే అడుగేసి ఆపుకోలేరు. చేతులు ఆనించేస్తారు. గార్డులు తప్పనిసరి. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) కంటే బలహీనం. పెద్దవాళ్లకి బెణికే చోట వాళ్లకి విరగొచ్చు. వాపుంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. చీలమండ బయటివైపు నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించండి. అక్కడ టాలస్ ఎముక విరిగినా బెణుకులాగే ఉంటుంది, ఎక్స్‌రేలో దొరక్కపోతే సీటీ స్కాన్ తీస్తారు.

హెల్మెట్ సంగతి. బోర్డు మడమవైపు అంచు మంచులో పట్టుకుంటే వెల్లకిలా పడి తల వెనక కొట్టుకుంటుంది. హెల్మెట్ బిగుతుగా ఉండాలి. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని వదులుది కొనకండి, స్కూలు బూట్లు కావవి. తలకి దెబ్బ తగిలి వాంతి అయినా, మత్తుగా ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఎంవీపీ అమ్మ:
థాంక్సండీ. నిన్న గార్డులు తొడిగి చూస్తే వాడి గ్లవ్స్ పైకి ఎక్కలేదు. మావారివి సరిపోయాయి. ఉక్కపోతలో మేడ మీద గ్లవ్స్‌తో వాడు, పక్కన విసనకర్రతో నేను. వాచ్‌మన్ ఒకటే నవ్వు. మావారికి కొత్తవి కొనాలిక.