496 బిగ్ బ్లాక్: డైనో మీద 5,200 దాటగానే పవర్ పడిపోతోంది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (మిషిగన్ నుంచి)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా కడుతున్న ఇంజన్‌ని నిన్న మొదటిసారి డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) ఎక్కించాను. 5,200 ఆర్‌పీఎం వరకు ముచ్చటగా లాగింది. ఆ తర్వాత గీత రంపపు పళ్లలా విరుగుతూ కిందికి దిగిపోయింది. మూడు పుల్స్ (ఫుల్ థ్రాటిల్‌లో పరుగులు) వేశాం, మూడింటిలోనూ అదే చోట, అదే తీరు.

బ్లాకు 1978 పికప్‌లోంచి తీసిన షెవ్రొలే 454 (క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8). రెండు బోల్టుల మెయిన్ క్యాపులది. గోడ మందం సోనిక్ టెస్టులో చూశాకే 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) రీబోరు చేయించాను. బోరు 4.310 అంగుళాలు, క్రాంకు స్ట్రోకు 4.25, అంటే 496 క్యూబిక్ అంగుళాలు. పిస్టన్లు ఫోర్జింగ్‌వి, 18 సీసీ డోము. అల్యూమినియం హెడ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఛాంబరు 119 సీసీ, వాల్వులు 2.19, 1.88. కంప్రెషన్ లెక్కేస్తే 10కి 1 వచ్చింది. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) హైడ్రాలిక్ రోలర్, వాల్వు దగ్గర లిఫ్ట్ (తెరుచుకునే ఎత్తు) 0.612. పైన 850 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) హోలీ కార్బ్యురేటర్. పెట్రోలు బంకులో దొరికే 93.

మెయిన్ బేరింగ్ క్లియరెన్స్ 0.0028, కనెక్టింగ్ రాడ్లకు 0.0025, పై రింగు గ్యాపు 0.020. ఇవన్నీ నేనే కొలిచి రాసుకున్నాను. నాన్నగారిది విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పని. బోర్ గేజు పట్టడం చిన్నప్పుడే నేర్పారు.

నిన్నటి షీటులో టార్క్ 4,200 దగ్గర 582 పౌండ్-అడుగులు. పవర్ 5,200 దగ్గర 538 హార్స్‌పవర్. 5,600కి వచ్చేసరికి 510. ఈ కామ్‌తో 5,800 వరకు పెరగాలి కదా? ఇంజన్ 1970 షెవ్రొలే షెవెల్ కారులోకి వెళ్తుంది. ఆగస్టులో ఇక్కడ జరిగే పాత కార్ల పండుగ ఉడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్ నాటికి బండి రోడ్డెక్కాలని నా ఆశ. డైనో వాళ్లు వచ్చే శనివారం మళ్లీ టైమిచ్చారు.

జవాబు (ఒహాయో నుంచి)

బ్రదర్, 496 ఇంజన్‌కి 850 కార్బ్యురేటర్ చిన్నదవుతుంది. పైన ఊపిరి ఆడట్లేదు. 1,050 డామినేటర్ (హోలీ వాళ్లదే పెద్ద కార్బ్) వేసి చూడండి, దానికి తగ్గ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల ముక్క) కూడా మార్చాల్సి వస్తుంది.

జవాబు (ఇండియానా నుంచి)

తమ్ముడూ, ఇప్పుడే డబ్బు పెట్టకు. ఇక్కడ ఒక ఇంజన్ షాపులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను, చాలా డైనో షీట్లు చూశాను. కార్బ్ చిన్నదైతే గీత అలా విరగదు. మెత్తగా వంగుతుంది. టార్క్ మెల్లమెల్లగా తగ్గుతూ, పవర్ శిఖరం కాస్త తక్కువ ఆర్‌పీఎం వైపు జరుగుతుంది, అంతే. నీ గీత ఒక ఆర్‌పీఎం దగ్గర తెగినట్టు విరిగింది. ఏదో అక్కడిదాకా అదుపులో ఉండి, అక్కడ చేయి జారుతోంది.

ముందు కార్బ్ సంగతి లెక్కతోనే తేల్చేద్దాం. 496ని 5,600తో గుణించి 3,456తో భాగిస్తే 804 సీఎఫ్ఎం. సిలిండర్లు నూటికి నూరు నిండితే వచ్చే అంకె అది, ఇలాంటి వీధి ఇంజన్‌లో అంతకన్నా తక్కువే నిండుతాయి. 850 సరిపోతుంది. అయినా నా మాట నమ్మొద్దు, షీటులో మానిఫోల్డ్ వాక్యూమ్ గడి చూడు. ఫుల్ థ్రాటిల్‌లో పై ఆర్‌పీఎంలో అంగుళంన్నర పాదరసం దాటితే కార్బ్ అడ్డుపడుతున్నట్టు. అంగుళం లోపు ఉంటే దాని తప్పు లేదు.

పవర్ ఇలా విరగడానికి నేను చూసే అనుమానాలు మూడు. పెట్రోలు అందకపోవడం, స్పార్క్ తప్పడం, వాల్వు కామ్‌ని వదిలేసి తేలిపోవడం. పెట్రోలు అయితే ఫ్యూయల్ ప్రెషర్ పడుతుంది, ఎయిర్-ఫ్యూయల్ (గాలి, పెట్రోలు నిష్పత్తి) గీత లీన్, అంటే పెట్రోలు తక్కువైన వైపు పాకుతుంది. స్పార్క్ అయితే ఒక్కో పుల్‌లో ఒక్కో చోట తప్పుతుంది, ఇంత క్రమంగా ఒకే చోట రావడం అరుదు. వాల్వు తేలితే ప్రతి పుల్‌లోనూ అదే ఆర్‌పీఎం. నాకైతే మూడోదాని మీదే గురి. బిగ్ బ్లాక్‌లో 2.19 వాల్వు అంటే బరువైన వాల్వు. కామ్ మీద దొర్లుతూ వాల్వుని కదిపే హైడ్రాలిక్ రోలర్ లిఫ్టర్ కూడా బరువైనదే. ఈ రెండింటినీ కామ్ ముక్కు దాటాక వెనక్కి తెచ్చేది స్ప్రింగు ఒక్కటే. అది చాలకపోతే వాల్వు సీటు మీద కూర్చోకుండా ఎగిరి పడుతుంది, సిలిండర్‌లో పట్టిన గాలి బయటికి పోతుంది. దాన్నలాగే తోలితే ఏదో ఒకరోజు వాల్వు వెళ్లి పిస్టన్‌ని కొడుతుంది. అందుకే కారణం తేలేదాకా 5,200 దాటించకు.

బేరింగ్ క్లియరెన్స్‌లు, రింగు గ్యాపు చెప్పావు, చాలా సంతోషం. అన్నీ బాగున్నాయి. స్ప్రింగుల కొలత మాత్రం నీ పోస్టులో ఎక్కడా లేదు. హెడ్లు సెకండ్ హ్యాండ్ అన్నావు. అమ్మినవాడు చెప్పిన స్ప్రింగు ప్రెషరా, నువ్వు కొలిచిందా?

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యా, మీరు అడిగినవి షీటులో చూశాను. 5,600 దగ్గర వాక్యూమ్ 0.8. ఫ్యూయల్ ప్రెషర్ మొదటినుంచి చివరిదాకా 6.5 పీఎస్ఐ. రెండు వైపులా ఎయిర్-ఫ్యూయల్ 12.7 నుంచి 12.9 మధ్యే ఉంది. ఆయిల్ ప్రెషర్ 5,500 దగ్గర 62.

స్ప్రింగులు కొలవలేదు. కాగితం మీద సీటు ప్రెషర్ (వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు నొక్కే బలం) 155 పౌండ్లు అని ఉంది, దాన్నే నమ్మాను. మిగతావన్నీ కొలిచి దీన్ని వదిలేసినందుకు నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు (ఇండియానా నుంచి)

నిద్ర మానుకోకు, ఇంజన్‌కి దెబ్బ తగల్లేదు, మంచి ఇంధన మిశ్రమం ఉంది, ఆయిల్ ప్రెషర్ ఉంది. 155 అన్న అంకె తప్పు కాకపోవచ్చు, కానీ అది ఏ ఎత్తు దగ్గర? స్ప్రింగు ప్రెషర్‌కి ఇన్‌స్టాల్డ్ హైట్ చెప్పకపోతే ఆ అంకెకి అర్థమే లేదు. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు స్ప్రింగు కింది సీటు నుంచి పై రిటైనర్ దాకా ఉన్న ఎత్తు అది. సెకండ్ హ్యాండ్ హెడ్లలో వాల్వు సీట్లు మళ్లీ కోయించి ఉంటారు. అప్పుడు వాల్వు హెడ్‌లోకి కొంచెం దిగి, కాడ పైకి లేస్తుంది, ఆ ఎత్తు పెరుగుతుంది. స్ప్రింగు సాగినంత మేరకు బలం తగ్గుతుంది.

హెడ్లు విప్పక్కర్లేదు. ప్లగ్ రంధ్రంలో ఎయిర్ లైన్ బిగించి, ఆ సిలిండర్‌ని కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి తెచ్చి, వంద పీఎస్ఐ గాలి పెట్టు. క్రాంకు తిరగకుండా పట్టుకునే ఏర్పాటు ఉండాలి, గాలికే ఇంజన్ తిరిగి చేయి నలిగినవాళ్లున్నారు. గాలి వాల్వులను పైకి పట్టి ఉంచుతుంది, స్ప్రింగు తీయొచ్చు. హైట్ మైక్రోమీటర్‌తో పదహారూ కొలువు. ఒక్కటి కొలిచి మిగతావి అంతే అనుకోవద్దు. తీసిన స్ప్రింగులను ఆ ఎత్తు దగ్గర టెస్టర్ మీద పెట్టి చూడు.

లిఫ్టర్ ప్రీలోడ్ (లిఫ్టర్‌ని ముందే ఎంత నొక్కి ఉంచామన్నది) కూడా చూసుకో. లాష్, అంటే ఖాళీ, పోయిన చోటి నుంచి అర మలుపు చాలు. ముప్పావు, ఒకటి తిప్పి ఉంటే, వాల్వు తేలినప్పుడు లిఫ్టర్ ఆయిల్‌తో ఉబ్బి వాల్వుని సీటు మీదకు రానివ్వదు. జబ్బు రెట్టింపవుతుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు సార్. నాకు ఇంజన్లంటే ప్రాణం, ఇక్కడ ఇలాంటివి చూసే అవకాశం లేదు. రెండు సందేహాలు. 1970లో కంపెనీయే ఎల్ఎస్6 షెవెల్‌కి 450 హార్స్‌పవర్ ఇచ్చింది అంటారు కదా. అంతకన్నా పెద్ద ఇంజన్ ఇంత కష్టపడి కట్టి 538 అంటే తక్కువ కాదా? ఇంకోటి, 93 పెట్రోలు అన్నారు, ఇక్కడి 95 అంతకన్నా మంచిదా?

జవాబు (ఇండియానా నుంచి)

మంచి ప్రశ్నలే. ఎల్ఎస్6కి కంపెనీ ప్రకటించింది 5,600 ఆర్‌పీఎం దగ్గర 450, టార్క్ 3,600 దగ్గర 500 పౌండ్-అడుగులు, కంప్రెషన్ 11.25. అప్పటి రోజుల్లో గ్రాస్ లెక్క. ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి, బండిలో ఇంజన్ బలాన్ని తినే ఫ్యాన్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటివి చాలావరకు తీసేసి కొలిచేవాళ్లు. 1972 మోడళ్ల నుంచి అమెరికాలో నెట్ లెక్కకి మారారు, అంకెలు ఒక్కసారిగా చిన్నబోయాయి. ఈ తమ్ముడిదీ స్టాండు మీద కొలతే. బండిలో ఎక్కించి చక్రాల దగ్గర కొలిస్తే గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ తినేది పోగా ఇంకా తగ్గుతుంది. డైనో అసలు కొలిచేది టార్క్‌నే. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగిస్తే హార్స్‌పవర్. జేమ్స్ వాట్ లెక్కలో నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పనిని 2 పైతో భాగిస్తే వచ్చేదే ఆ 5,252. అందుకే రెండింటికీ ఒకే స్కేలు వాడిన ఏ షీటులోనైనా రెండు గీతలూ అక్కడే కలుస్తాయి. కలవకపోతే షీటుని అనుమానించాలి.

పెట్రోలు అంకెలు వేరు వేరు తక్కెళ్లవి. మన దగ్గర రాసేది రీసెర్చ్ ఆక్టేన్. ఇక్కడి బంకు మీద రాసేది రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ల సగటు. ఇక్కడి 93 మన లెక్కలో 97, 98 దరిదాపుల్లో పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యా, దొరికింది! పదహారింటిలో పదకొండు స్ప్రింగుల ఎత్తు 1.955 నుంచి 1.965 వరకు ఉంది. ఉండాల్సింది 1.900. టెస్టర్ మీద 1.960 దగ్గర 129 నుంచి 131 పౌండ్లు చూపించాయి. మిగతా అయిదూ 1.930 దగ్గర ఉన్నాయి. ప్రీలోడ్ కూడా రెండు చోట్ల ముప్పావు మలుపు. షిమ్ములు (స్ప్రింగు కింద వేసే పలచటి వాషర్లు) కొన్నాను, ఎక్కడెక్కడ ఎంత కావాలో అంత వేస్తున్నాను. 60 థౌ షిమ్ము వేస్తే కాయిల్ బైండ్ అవుతుందేమో, అంటే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయేమోనని భయం.

జవాబు (ఇండియానా నుంచి)

లెక్క కుదిరింది చూడు. నీ స్ప్రింగు రేటు అంగుళానికి 420 పౌండ్లు అయితే, 60 థౌకి 25 పౌండ్లు పోవాలి. 155లోంచి 25 తీస్తే 130. స్ప్రింగు మంచిదే, దాన్ని నిలబెట్టిన చోటే తప్పు.

బైండ్ గురించి: 1.900లోంచి లిఫ్ట్ 0.612 తీస్తే 1.288. స్ప్రింగు ఏ ఎత్తు దగ్గర పూర్తిగా అణిగిపోతుందో కంపెనీ కాగితంలో ఉంటుంది. అది 1.150 అయితే ఇంకా 138 థౌ ఖాళీ ఉంది, 60 ఉంటే చాలు. కాగితంతో ఆగకుండా వైస్‌లో ఒక స్ప్రింగు నొక్కి చూసుకో. వాల్వు తెరుచుకున్నప్పుడు ప్రెషర్ 412 పౌండ్ల దాకా వస్తుంది, ఈ లిఫ్టర్లకు అది చక్కగా సరిపోతుంది.

శనివారం ఒక్క మార్పే చెయ్యి. స్ప్రింగులు సరిచేసి, టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడాలన్నది) పాతదే 34 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్లు, ఆయిల్ మొన్నటి వేడికే వచ్చాక లాగు. గీత బాగుపడ్డాకే టైమింగ్ 36 వేసి చూడు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. డైనో వాళ్లని కరెక్షన్ (ఆ రోజు గాలి వేడి, పీడనాలకు తగ్గట్టు అంకెలు సవరించే లెక్క) ఏది వాడుతున్నారో, ఆర్‌పీఎం సెకనుకి ఎంత చొప్పున పెంచుతున్నారో అడిగి షీటు మీద రాయించు. పాత స్టాండర్డ్ కరెక్షన్‌కీ, ఎస్ఏఈ జే1349కీ దాదాపు నాలుగు శాతం తేడా. అంకెలు పోల్చేటప్పుడు గొడవలన్నీ అక్కడే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

శనివారం అయింది. మొదటి పుల్‌లోనే గీత నున్నగా పైకి వెళ్లిపోయింది. 34 డిగ్రీల దగ్గర 5,800లో 585. 36కి పెంచితే 592, ఆ ఆర్‌పీఎం దగ్గర టార్క్ 536. రెండుసార్లు వేసినా ఒకటి రెండు అంకెల తేడాతో అదే వచ్చింది. 38 వేయమన్నారు, వద్దన్నాను. ఇది పాత స్టాండర్డ్ కరెక్షన్, సెకనుకి 300 ఆర్‌పీఎం. జే1349లో 570 దగ్గర ఉంటుందన్నారు.

ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలన్నీ విప్పి అయస్కాంతంతో చూశాను. కొత్త రింగుల నుంచి వచ్చే సన్నటి నుసి తప్ప ఏమీ లేదు. వీడియో కాల్‌లో నాన్నగారికి ఆ చప్పుడు వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకోసారి పెట్టరా" అన్నారు.

జవాబు (ఇండియానా నుంచి)

చాలా ఆనందంగా ఉంది తమ్ముడూ. బండిలో ఎక్కించి 500 మైళ్లు తిరిగాక వాల్వు కవర్లు తీసి ప్రీలోడ్ మళ్లీ చూసుకో, వీలైతే రెండు మూడు స్ప్రింగులు టెస్టర్ మీద పెట్టు. కొత్తలో కొంచెం బలం దిగడం మామూలే, 145 కిందికి వస్తే మాత్రం ఇక్కడ రాయి.