శ్రీకాంత్ బొల్లా విజయం ‘స్వయంకృషి’ ఒక్కటేనా?

కృష్ణాతీరం:
మా అబ్బాయికి బడిలో వక్తృత్వ పోటీ. అంశం శ్రీకాంత్ బొల్లా గారి జీవితం. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో, చదువులేని రైతు దంపతులకు చూపు లేకుండా పుట్టి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకు పని ఇస్తున్నారు. మావాడి ప్రసంగంలో ‘ఎవరి సాయమూ లేకుండా’ అని నాలుగుచోట్ల ఉంది. కొట్టేయమన్నాను. వాళ్ళ అమ్మ ఉంచమంది. మీరేమంటారు?

పాతబాకీ:
కొట్టేయవలసిందే. పదో తరగతి తర్వాత అంధులకు సైన్సు లేదంటే కోర్టుకెక్కారు. అప్పుడు వెంట నిలిచింది ఒక టీచరు. పాఠాలను ఆడియోగా మార్చి ఇచ్చిందీ బడివాళ్ళే. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదివింది స్కాలర్‌షిప్పు మీద. వ్యాపారంలో రతన్ టాటా పెట్టుబడి. ఇంతమందిని చెరిపేసి ‘ఒంటరి పోరాటం’ అనడం నాకు నచ్చదు.

చేదుకాకర:
పాతబాకీ గారూ, ఇంటర్లో వచ్చిన 98 శాతం మార్కులు కూడా టాటా గారే వేశారా? ఐఐటీ కోచింగ్‌వాళ్ళు చేర్చుకోబోమని పంపేస్తే, ఆ కుర్రవాడు ఎంఐటీకి దరఖాస్తు పెట్టాడు. సాయం అందినవాళ్ళు ఎందరో ఉన్నారు. అంత దూరం వెళ్ళినవాళ్ళు ఎందరు?

విస్తరాకు:
వెళ్ళలేకపోయినవాళ్ళలో నేనొకడిని. ఏలూరు దగ్గర కాగితం ప్లేట్ల యూనిట్ పెట్టాను. మా నాన్న కూలికి వెళ్ళేవారు. బ్యాంకులో పూచీ ఎవరని అడిగారు, ఎవరూ లేరు. ముద్ర రుణాలు వచ్చి 10 లక్షల దాకా తనఖా అక్కర్లేదనేసరికి 2015 అయింది, అప్పటికే నా షెడ్డుకు తాళం పడింది. నిజం చెప్పాలంటే నన్ను ముంచింది అప్పు పుట్టకపోవడం కాదు. పెళ్ళిళ్ళ కాలంలో వంట కాంట్రాక్టర్లకు సరుకు అరువిచ్చాను, డబ్బు వెనక్కి రాలేదు. పక్క షెడ్డు ఆయనా అదే తప్పు చేశాడు. ఆయన తండ్రి అర ఎకరం అమ్మి నిలబెట్టాడు. ఇప్పుడు ఆయన దగ్గర పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఊళ్ళో సన్మానం చేసినప్పుడు ‘స్వయంకృషి’ అనే అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. మంచివాడే.

చేదుకాకర:
ఆ అర ఎకరం లెక్క నాకు తట్టలేదు. అయినా శ్రీకాంత్ గారు పొలం అమ్ముకుని ఎదగలేదు కదండీ.

పాతబాకీ:
అందుకే ఆ టీచరు పేరు చెప్పాలంటున్నాను. పొలం అండ లేనివాడికి ఆవిడే పొలం.

కృష్ణాతీరం:
మావాడు ఆ మాట కొట్టేసి ‘ఎవరూ నమ్మని రోజుల్లో’ అని రాశాడు. వాళ్ళ అమ్మ అదీ కొట్టించింది, టీచరు నమ్మింది కదా అని. పోటీ రేపే. ఆ వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది.