అభ్రగపతిం బన్నింపడా, మన్నింపడా?

తెల్లకాగితం: పిల్లల పత్రికకి క్లెమాఁ అదేర్ మీద రెండు పేజీలు రాస్తున్నాను. రైట్ సోదరులకు 13 ఏళ్ళ ముందు, 1890 అక్టోబరు 9న, ఫ్రాన్సులో గబ్బిలం రెక్కల యంత్రాన్ని ఆవిరి ఇంజనుతో నేల మీంచి జానెడు ఎత్తు లేపి, సుమారు 50 మీటర్లు పోయినవాడు. దానికి 'ఎయోల్' అని గ్రీకుల వాయుదేవుడి పేరు పెట్టాడు. లాటినులో పక్షి అనే మాట నుంచి 'ఆవియోఁ' అన్న పదం పుట్టించిందీ ఈయనే. ఫ్రెంచివాళ్ళు విమానాన్ని ఇప్పటికీ అదే అంటారు. అలాంటి మాట మనకూ ఉందని మనసు పీకుతోంది. పోతన 'సిరికిం జెప్పడు'లో గరుత్మంతుణ్ణి అంటాడే, 'అభ్రగపతిం మన్నింపడు' అని. అభ్రగం అంటే ఆకాశంలో పోయేది, పక్షి. 'అభ్రగం' అని పెట్టేయొచ్చా?

పాతసంచిక: బన్నింపడు అండీ.

మంజీర: మా తాతయ్య మన్నింపడనే చదివేవాడు. అవతల ఏనుగు ప్రాణం పోతుంటే వాహనానికి మర్యాదలేంటి, పట్టించుకోడు అని. అర్థం కుదిరింది కదా!

యతిస్థానం: వేళ్ళ మీద లెక్కపెట్టండి. ప-రి-వా-రం-బు-ను-జీ-ర-డ-భ్ర-గ-ప-తిం, పదమూడు. ఈ పద్యం మత్తేభం, అందులో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, పద్నాలుగో అక్షరం. అంటే సరిగ్గా మీరు తగువాడుతున్న అక్షరమే. పాదం మొదట 'ప' ఉంది. దానికి 'బ' చెల్లుతుంది, 'మ' చెల్లదు.

మంజీర: పవర్గమే కదండీ?

యతిస్థానం: పు, బు, ములకు ఉంది. అది ఉకారం ఉంటేనే. మీ తాతగారంటే గౌరవమే గానీ, ఆయన కోసం పోతన చేత యతి తప్పించలేను.

పాతసంచిక: పన్నించడమంటే సిద్ధం చేయించడం. ఇప్పుడు వలలూ కుట్రలూ మాత్రమే పన్నుతున్నాం గానీ, అప్పట్లో గుర్రాల్నీ రథాల్నీ కూడా పన్నేవారు. భార్యకి చెప్పలేదు, చక్రం పట్టలేదు, బండి కట్టించలేదు. అలా ఉన్నవాడు ఉన్నట్టే పరుగు. మన్నింపడు అంటే ఆ పరుగు పోతుంది. పాపం అదేర్‌కి ఆ వీలు లేదు, బాయిలర్ వేడెక్కేదాకా అభ్రగాన్ని పన్నించాల్సిందే.

తెల్లకాగితం: బన్నింపడు, ఒప్పుకున్నాను. మరి అభ్రగం?

ఏరువాక: మా ఊళ్ళో ముసలివాళ్ళకు అది గాలిమోటరు. చక్కటి మాట, వదిలేశాం. అభ్రగం అంటే పిల్లలు అభ్రకం అనుకుంటారు. అయినా మీ వ్యాసంలో చిక్కు వేరే ఉంది. 1897లో పారిస్ దగ్గరి సతోరీలో మిలిటరీ వాళ్ళ ముందు 'ఆవియోఁ 3' తీశాడు. పక్కగాలికి బాట తప్పి పడింది. 300 మీటర్లు ఎగిరానని చాలా ఏళ్ళ తర్వాత ఆయన అన్నాడు, రిపోర్టు ఎగరలేదంది. మీరు ఏ క్రియ వాడతారు?

పాతసంచిక: తెలుగులో ఆ టెన్షనే లేదు. పిట్టా ఎగురుతుంది, మేకపిల్లా ఎగురుతుంది. 'ఎగిరాడు' అని రాసి ఊరుకోండి, ఇద్దరికీ న్యాయం చేసినట్టే.

మంజీర: నాకొకటి తట్టింది. ఆవియోఁ అంటే ఆవిరియానం కాదు కదా?

యతిస్థానం: లాటిన్ పక్షిని ఆవిరి మీద ఉడకబెట్టకండి.

ఏరువాక: ఆవియోఁ అన్న మాట మీద ఫ్రెంచి కవి అపోలినేర్ ఏకంగా ఒక కవితే రాశాడు. మనవాళ్ళు గాలిమోటరు మీద ఒక్క సీసపద్యం రాశారా?

తెల్లకాగితం: రేపు పొద్దున పేజీ పంపాలండీ. అభ్రగమా, గాలిమోటరా?

మంజీర: ఒక్క నిమిషం. తర్వాతి మాట 'ఆకర్ణికాంతర ధమ్మిల్లము' కదా, చెవుల దాకా జారిన ఆ జుట్టు విష్ణువుదేనా? లక్ష్మీదేవిది ఎందుకు కాకూడదు?

యతిస్థానం: ఎందుకు కాకూడదో చెప్తాను, కాఫీ తాగి వస్తా.