ఆరో తరగతికి ఎక్కడ: మోడల్ స్కూలా, ఊళ్లో హైస్కూలా?

పైడిభీమవరం_షిఫ్ట్:
మా పాపకి ఐదో తరగతి అయిపోయింది. జిల్లా పరిషత్ హైస్కూలు మా వీధి చివరే. మోడల్ స్కూలు తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో పంపాలి. రెండూ గవర్నమెంటువే, రెండింట్లోనూ ఇంగ్లీషు మీడియమే. మోడల్ స్కూల్లో పదో తరగతి దాదాపు అందరూ పాసవుతారంటున్నారు, ఇక్కడ ఏటా కొందరు తప్పుతున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది ఎక్కడ బాగా చెప్తారో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
పాస్ శాతం చూసి తేల్చకండి. మోడల్ స్కూలు ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటుంది. నేను లెక్కలు చెప్పేది మీ వీధి చివరి హైస్కూల్లోనే, అక్కడికి వచ్చిన ప్రతి పిల్లాడినీ చేర్చుకుంటాం, నవంబరులో వచ్చినా సరే. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కాదనడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆరో తరగతికి వచ్చినవాళ్లలో సగం మందికి భాగహారం రాదు. అక్కణ్ణించి మొదలుపెట్టి ఎంత దూరం తీసుకెళ్లామన్నది ఏ ఫలితాల పట్టికలోనూ కనపడదు.

మోడల్_అమ్మ:
ఆ పరీక్షలో ఐదో తరగతి పాఠాలేగా మాస్టారూ అడిగేది, ఐఏఎస్ ప్రశ్నలు కాదే. మా పెద్దాడు ఆరో తరగతి వేరే ఊరి హైస్కూల్లో చదివాడు. సైన్సుకి ఏడాదంతా మాస్టారు లేరు. నోట్సు సగం తెల్ల కాగితాలే. ఆ ఏడాది నా కొడుక్కి ఎవరు తిరిగిస్తారు? చిన్నదాన్ని అందుకే మోడల్‌లో వేశాను.

సముద్రం_పక్క:
ఆటోకి నెలకెంతో అడిగారా? వానాకాలం మాటేటి?

లెక్కల_మాస్టారు:
మీ బాధ నిజమే. ఖాళీ పోస్టు మాస్టారి తప్పు కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్, అదే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పరీక్ష, చూడండి. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. మా బడి నుంచి ముగ్గురు ఎంపికయ్యారు, ఒకడి తండ్రి తాపీ పని.

మోడల్_అమ్మ:
మాకు నలుగురు.

లెక్కల_మాస్టారు:
ఆ నలుగురిలో ఒకమ్మాయి మా దగ్గర చదివిందే. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూల్లో కలిపినప్పుడు ఆ పిల్ల ఐదో తరగతి. భాగహారం నేర్పింది నేను.

మోడల్_అమ్మ:
ఐదులో నేర్పితే ఎనిమిదిలో వచ్చిన స్కాలర్‌షిప్పు మీదా? మూడేళ్లు చెప్పిన మా టీచర్లు ఏమైపోయారు?

లెక్కల_మాస్టారు:
నాది అనలేదు. పునాది అన్నాను.

మోడల్_అమ్మ:
పునాది అన్న మాట మీరు ఇప్పుడే అన్నారు, పైన ఎక్కడా లేదు.

సముద్రం_పక్క:
ముగ్గురా నలుగురా అని ఇంకెంతసేపు! మా వాడలో మగాళ్లు చేపల వేటకి గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్లెక్కితే నెలల తరబడి ఇంటికి రారు. ఆడవాళ్లు తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుంటారు. ఆ ఇంటి పిల్లని తొమ్మిది కిలోమీటర్లు ఎవరు దింపుతారు? మోడల్ స్కూల్లో మా వాడ పిల్లలు కనపడటం లేదంటే చదువు రాక కాదు. ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెట్టాలని చెప్పేవాడే ఇంట్లో లేడు.

పైడిభీమవరం_షిఫ్ట్:
అందరూ తిట్టినా పర్లేదు, మనసులో మాట చెప్పేస్తాను. నా భయం మార్కుల గురించి కాదు. హైస్కూల్లో కంపెనీ షెడ్లలో ఉండే కూలీల పిల్లలు ఎక్కువ. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, తెలుగు చదవడం రాదు, పండక్కి వెళ్తే ఎప్పుడొస్తారో తెలీదు. మాస్టారు వాళ్ల కోసం ఆగితే మా పాప కూడా ఆగిపోతుంది.

లెక్కల_మాస్టారు:
అదీ అసలు సంగతి! చదువు గురించి అడుగుతున్నానంటూ పక్కన ఎవరు కూచుంటారని అడిగారు. సిగ్గుగా లేదూ?

వలస_బిడ్డ:
ఆయన మీద అరవకండి మాస్టారూ. ఆ పిల్లాడిని నేనే. అమ్మానాన్నా చెన్నైలో బిల్డింగు పనికెళ్లేవారు. ఏడో తరగతిలో రెండు బళ్లు మారాను. తిరిగొచ్చాక మన జిల్లాలోనే ఒక హైస్కూల్లో, మీరు చెప్పినట్టే, కాదనకుండా చేర్చుకున్నారు. రిజిస్టర్లో పేరు రాశారు. తరవాత "గుంటడు మళ్లీ ఎల్లిపోతాడులే" అని ఆఖరి బెంచీలో కూచోబెట్టారు. సంవత్సరమంతా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నా కోసం ఎవరూ ఆగలేదండీ, మీ పాప ఆగిపోతుందని భయపడకండి. ఒకరు పరీక్ష పెట్టి బయట ఉంచుతారు, ఒకరు లోపలికి రానిచ్చి మర్చిపోతారు. ఇక్కడ ఇద్దరూ మా గురించే కొట్టుకుంటున్నారు, మాకు చదువు చెప్పేదెవరో మాత్రం ఎవరూ అనలేదు.

లెక్కల_మాస్టారు:
రాత్రి నుంచి దీనికి ఏం రాయాలో తోచలేదు. ఆ బెంచీ నా క్లాసులోనూ ఉంది. భాగహారం రానివాళ్లని సాయంత్రం అరగంట ఉంచుతాను. షెడ్ల పిల్లల్ని మాత్రం ఉండమని ఎప్పుడూ అడగలేదు, చీకటి పడకముందే ఇంటికెళ్లాలి కదా అని. పొద్దున్న తొమ్మిదింటి కంటే ముందు రమ్మంటే వస్తారేమో, సోమవారం అడుగుతాను.

పైడిభీమవరం_షిఫ్ట్:
నాకు సోమవారం రెండో షిఫ్టు, పొద్దున్న ఖాళీ. ఆరో తరగతి గదిలో కాసేపు కూచోనిస్తారా?

లెక్కల_మాస్టారు:
హెచ్‌ఎం గారిని అడిగి చెప్తాను. పాపని కూడా తీసుకురండి.

మోడల్_అమ్మ:
వెళ్లి చూడండి. కానీ మోడల్ స్కూలు దరఖాస్తు గడువు మాత్రం దాటనివ్వకండి.